జరీకి సమాధి పాట

మొన్న పెద్దమ్మను మట్టి చేసిన రోజున, కొత్తవలస సమాధుల దొడ్డిలో, నేనూ రూతప్పా అప్పలనర్సమ్మా నవ్వాం. నవ్వంటే పెదవి చివర కనిపించీ కనిపించని నవ్వు కాదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగకుండా భుజాలు ఎగిరెగిరిపడే నవ్వు. పక్కనున్నవాళ్ళు ఏడుస్తున్నామనుకుని మొదట వీపు నిమిరారు, తర్వాత మా మొహాలు చూసి చేతులు వెనక్కి తీసుకున్నారు. పాస్టరు గారు పుస్తకంలోంచి తలెత్తి ఒక చూపు చూశారు. పోయిన మనిషి రూతప్పను కన్నతల్లి, నన్ను కన్నతల్లికంటే ఎక్కువగా చూసుకున్న పెద్దమ్మ, అప్పలనర్సమ్మకు పని నేర్పి అన్నం పెట్టిన యజమానురాలు. అలాంటి మనిషిని గోతిలోకి దించుతుంటే ఈ ముగ్గురు ఆడవాళ్ళకూ ఏం పుట్టిందని బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. మా బాబాయి కొడుకు ఫోన్ చేసి మరీ, "నువ్వు పుస్తకాలు రాసేదానివి కదా, నీకైనా తెలియొద్దా" అన్నాడు. తెలుసు నాయనా, తెలుసు గనకే నవ్వాను. రాసేదాన్ని గనక ఎందుకు నవ్వామో ఇక్కడ రాస్తున్నాను. చదివాక కూడా కోపం తగ్గకపోతే మళ్ళీ ఫోన్ చెయ్యి.

ఇంటర్ తప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ తప్పాక మా అమ్మ నన్ను బొబ్బిలిలో బస్సెక్కించి తీసుకొచ్చి, కొత్తవలసలో ఉన్న తన అక్క గుమ్మంలో దించేసింది. "దీన్ని నీ మిషను పక్కన కూకోబెట్టే అప్పా. ఏదో ఒకటి రాకపోద్దేటి" అని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. పెద్దమ్మ పేరు మార్తమ్మ. పెద్దనాన్న రైల్వేలో పనిచేస్తూ పోయాక ఆమె మొదట మామూలు కుట్టుమిషను తొక్కింది, తర్వాత జిగ్‌జాగ్ మిషను మీద పువ్వులు కుట్టింది, ఆపైన చుట్టుపక్కల ఎవరూ చూడని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను తెప్పించి ముందుగదిలో పెట్టించింది. ఇల్లు పట్టాలకు ఎంత దగ్గరంటే, కిరండూల్ వైపు నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు వెళ్తుంటే అల్మరాలో గిన్నెలన్నీ గడగడా మాట్లాడుకునేవి. కిటికీ ఊచల మీద ఎర్రధూళి పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ తయారు. తెల్లబట్ట మీద పని ఉందంటే కిటికీలకు తడి దుప్పట్లు కట్టేవాళ్ళం. అందుకని ఆ గదిలో ఎప్పుడూ తడి దుప్పటి వాసనా, మిషను నూనె వాసనా, పెద్దమ్మ తలకు రాసుకునే మందారాకు నూనె వాసనా కలిసి ఉండేవి. ఇప్పటికీ ఆ మూడింటిలో ఏ ఒక్కటి ఎక్కడ తగిలినా మిగతా రెండూ పిలవకుండానే వచ్చేస్తాయి.

మిషనుకు ఒకటే తల. ఆ తలలో వరసగా సూదులు, పైన రంగురంగుల దారపు కోన్లు, పక్కన అరచేతి వెడల్పు తెర. డిజైన్లు విశాఖపట్నంలో ఒకాయన కంప్యూటర్ మీద తయారుచేసి ఫ్లాపీల్లో పెట్టి ఇచ్చేవాడు. ఫ్లాపీలో నెమలి ఉంటే నెమలే వస్తుంది, మామిడిపిందె కావాలని ఎంత బతిమాలినా రాదు. తెర కింద ప్లస్సు, మైనస్సు అని రెండు బటన్లు. ఒకటి స్పీడు పెంచడానికి, ఇంకొకటి తగ్గించడానికి. ఆ మిషను దగ్గర మేము దారం మార్చొచ్చు, అడుగున బాబిన్ ఎక్కించొచ్చు, బట్టను ఫ్రేములో బిగించొచ్చు, కోపమొస్తే మిషనును తిట్టొచ్చు కూడా. ఆ రెండు బటన్ల మీద మాత్రం పెద్దమ్మ వేలు తప్ప మరో వేలు పడడానికి వీల్లేదు. చూసీచూసీ నా వేలు దురద పెట్టేది.

మిషను బిగించడానికి వచ్చిన ఇంజినీరు పాపం చాలా ఓపికగా చెప్పాడట. నిమిషానికి ఇన్ని కుట్లు అని ఒక లెక్క ఉంటుందనీ, మామూలు దారానికి ఎనిమిది వందల దాకా వెళ్ళొచ్చనీ, జరీ అయితే ఐదు వందల లోపే ఉంచాలనీ, పొడుగు కుట్లకూ చిన్న అక్షరాలకూ ఇంకా తగ్గించుకోవాలనీ. పెద్దమ్మ అంతా విని, ఆయనకు టీ, నూనెలో వేయించిన గులాబీ పువ్వులు పెట్టి, రైలెక్కించి వచ్చి, తెర మీద స్పీడు అంకె కనిపించే చోట తెల్లటి టేపు ముక్క అంటించేసింది. "అయిదొందలంటే ఏటో నాకెలగ తెలస్తాదే? సెవితో ఇంటే తెలస్తాది గానీ" అంది. ఆమె మందిరంలో ఆడవాళ్ళ పాటల గుంపుకు పెద్ద. ఎవరి గొంతు ఎక్కడ జారిందో వెనక్కి తిరగకుండా చెప్పేస్తుంది. ఆ చెవులతోనే మిషనును కూడా తన గుంపులో చేర్చుకుంది. పొద్దున ప్రార్థన అవగానే మిషనులో ఒక్క చుక్క నూనె వేసి, దారం ఎక్కించి, ఏదో ఒక పాట ఎత్తుకునేది. పాడుతూనే బటన్లు నొక్కేది. సూది దిగే చప్పుడు పాట నడకతో కలిసేదాకా ఒకసారి మైనస్సు, ఒకసారి ప్లస్సు, మళ్ళీ మైనస్సు. కలవగానే "ఆ, వచ్చింది" అని వేలు తీసేసేది. ఒక్కో మాటకు సూది ఎన్నిసార్లు దిగాలో ఆమెకు లోపల ఎక్కడో తెలుసు. మాకు చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేది.

అలా ఒక్కో దారానికీ ఒక్కో పాట స్థిరపడిపోయింది. స్కూలు చొక్కాల జేబుల మీద బ్యాడ్జీలు కుట్టేటప్పుడు సండే స్కూలు పిల్లలు చప్పట్లు కొడుతూ పాడే పాట. జాకెట్ల మీద మెత్తటి సిల్కు దారానికి కోతల పండుగ పాట, ఊగుతున్నట్టుగా. ఇక జరీ ఉంది చూశారూ, అది మహా పెంకి దారం. చుట్టుకుపోయే గుణం దానిది. కొంచెం తొందరపెడితే సూది కన్నం దగ్గర వేడెక్కి, పీచులాగా విచ్చుకుని, టప్పున తెగి కూర్చుంటుంది. దానికి సరిపడేంత నెమ్మదైన పాట పెద్దమ్మకు తెలిసిన పాటలన్నింటిలో ఒక్కటే ఉంది. అది సమాధి దగ్గర పాడేది. కాబట్టి మా కొట్లో జరీ పనంటే సమాధి పాట. జరీ ఎక్కువగా వేయించుకునేది ఎవరు? పెళ్ళికూతుళ్ళు. పెళ్ళి జాకెట్టు ఎంతవరకూ వచ్చిందో చూసుకుందామని ముచ్చటపడుతూ వచ్చిన ఆడపిల్లకు, గుమ్మంలోనే ముగ్గురాడవాళ్ళు నిదానంగా, ఒక్కో మాటా సాగదీస్తూ, మన్ను మంటిలో కలిసే పాట పాడుతూ వినిపించేవాళ్ళు. "ఎవురు పోనారమ్మా?" అని చెప్పులు విడవడం కూడా మానేసి నిలబడిపోయేవాళ్ళు. "ఎవురూ పోనేదు, మీ జాకెట్టే కుడతన్నాం" అనేది అప్పలనర్సమ్మ.

అప్పలనర్సమ్మది రామతీర్థం దగ్గర పల్లె. వాళ్ళ ఇంటిల్లిపాదీ కొండమీది రాముడికి దండం పెట్టుకుని గానీ విత్తనం చల్లరు. మా మందిరం గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. అయినా పాటల పుస్తకమంతా ఆమెకు నోటికి వచ్చు, మాకంటే పెద్ద గొంతు కూడాను. "రావుడికి కోపం రాదేటి?" అని నేను ఉడికిస్తే, "దారం తెగితే మీ పెద్దమ్మకి కోపవొస్తాది. రావుడు ఊరుకుంటాడు" అనేది. మేము ముగ్గురం రోజంతా పాడేవాళ్ళం. నేను దారం కాపలా కాసేదాన్ని, ఆమె కుట్టు అయ్యాక మిగిలిన పోగులు కత్తిరించేది. మధ్యాహ్నం చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ కూడా కూనిరాగాలు తీసేవాళ్ళం. గూడ్సు వస్తే ఇల్లు ఊగుతుంది గనక పెద్దమ్మ గోడ మీద ఎడమచెయ్యి ఆనించి, కుడిచేత్తో మైనస్సు నొక్కేది. పాట కూడా ఆ మేరకు సాగాలి. గూడ్సు వెళ్ళిపోయాక మళ్ళీ మామూలు నడక. కొన్నాళ్ళకు ఆ మైనస్సు బటను మీద గీత పూర్తిగా అరిగిపోయింది. ప్లస్సు మాత్రం కొన్ననాటిలాగే నిగనిగలాడుతుండేది. అంత సంతోషంగా నేను తర్వాత ఏ ఉద్యోగంలోనూ లేను. ఆ మాట సూటిగానే చెప్పేస్తున్నాను.

ఆ కొట్టుకే ఒకరోజు దానియేలు బావ వచ్చాడు, అప్పటికింకా బావ కాడు. కళింగపట్నం మనిషి, వాళ్ళది ఎండుచేపల వ్యాపారం. తమ వాలీబాల్ జట్టు బనియన్ల మీద చేప బొమ్మ వేయించాలని వచ్చాడు. విశాఖపట్నం ఆయన అరచేతిలో సగమంత బొద్దు చేపను, పొలుసులతో, వంపు తిరిగిన తోకతో తయారుచేసి పంపాడు. సండే స్కూలు పాటకు చేపలు చకచకా ఎక్కేశాయి. బనియన్లు తీసుకెళ్ళడానికి వచ్చినవాడు ఒకటి తక్కువైందని మళ్ళీ వచ్చాడు. తక్కువైంది లేదు, పాడైంది లేదు. మా పెద్దమ్మ కూతురు రూతప్ప వంటింటి గడప మీద కూర్చుని బాబిన్లు చుడుతూ ఉంటుంది, అదీ సంగతి. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ళమ్మను వెంటపెట్టుకొచ్చాడు. ఆమె పేరు సుందరమ్మ. అలల చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు ఆమెది, మన చెవి పక్కనే కూర్చుని ఉన్నా అదే గొంతు. పెళ్ళి ఖాయమైపోయింది.

మాలో పెళ్ళికూతురి తెల్లచీర మగపెళ్ళివారే తేవడం వాడుక. అక్కడ పెద్దమ్మ అడ్డంపడింది. ఆమె పెళ్ళికి ఆమెకు సొంత చీర లేదు. ఎవరిదో తెల్లచీర అరువు తెచ్చి కట్టారట. ప్రార్థన అవగానే మందిరం వెనక గదిలో విప్పి, మడతపెట్టి ఇచ్చేసి, నేత చీరలో వచ్చి విందుకు కూర్చుందట. ఈ సంగతి ఎప్పుడూ నవ్వుతూనే చెప్పేది, మాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. "నా కూతురు నా మిషను సీర కట్టుకునే మందిరంలోకి ఎల్తాది" అని వియ్యపురాలితో తేల్చి చెప్పింది. సుందరమ్మ మంచి మనిషి, ఒప్పుకుంది. "అలగే ఒదినా. మేవూ ఒకటి తెస్తాం. ఏ కారణం సేతనైనా నీది అవకపోతే అది కడదాం" అంది. అన్నట్టే ముందుగానే ఒక అట్టపెట్టె పంపించింది. పెద్దమ్మ దాన్ని మిషను గదిలోనే, అల్మరా నెత్తిన, తన కళ్ళకు ఎదురుగా పెట్టుకుంది. ఎవరమూ మూత తెరిచి చూడలేదు.

తెల్లపట్టు మీద వెండి జరీతో లిల్లీ పువ్వులు. అంచు నిండా ఎక్కించాం, జాకెట్టు అయిపోయింది, పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నానికి పైటచెంగు ఒక్కటే మిగిలింది. ఇల్లంతా చుట్టాలు. పెరట్లో అరిసెలు వత్తుతున్నారు, వంటింట్లో గులాబీ పువ్వులు వేగుతున్నాయి, వీధిలో పందిరి వేసేవాళ్ళు కర్రలు పాతుతున్నారు. మిషను గదిలోకి మాత్రం నూనె చేతులతో ఎవరూ రాకుండా అప్పలనర్సమ్మ కత్తెర పట్టుకుని గుమ్మం పక్కన కూర్చుంది. కిటికీలకు తడి దుప్పట్లు. మేము ముగ్గురం సమాధి పాట అందుకున్నాం. లిల్లీలు ఒక్కో రేకూ తెరుచుకుంటూ వస్తున్నాయి. పెద్దమ్మ మొహం వెలిగిపోతోంది. సరిగ్గా అప్పుడు వీధిలో వ్యాను ఆగింది, ఎండుచేపల వాసన ముందుగా వచ్చింది, ఆ వెనక కళింగపట్నం ఆడవాళ్ళంతా పూలూ తాంబాళాలూ పట్టుకుని లోపలికి వచ్చారు. అందరికంటే ముందు సుందరమ్మ. గుమ్మంలో అడుగుపెట్టి, పెళ్ళిచీర దగ్గర ముగ్గురం పాడుతున్న పాట విని, అక్కడే కొయ్యబారిపోయింది.

"ఒదినా, ఇదేటిది?" అంది. ఆ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు. "పెల్లి సీర మీద సమాది పాటేటి ఒదినా? మా మావ పోనప్పుడు పాడినారు ఈ పాట."

"జరీకి ఇదే పాట ఒదినా" అంది పెద్దమ్మ, ఉప్పు ఉప్పుడబ్బాలోనే ఉంటుంది అన్నంత మామూలుగా.

"జరీకి పాటేటి?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న పెద్దమ్మను అలా ఎవరూ అడగలేదు. సుందరమ్మకు కోపం రాలేదు, వస్తే బాగుండేది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి, పైగా సముద్రం పక్క మనుషులు, అలాంటి పాట ఊరికే పాడరు. వెనకున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పెద్దమ్మ అది చూసి, వియ్యపురాలి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. "తప్పుగా అనుకోకొదినా. ఇదొద్దు. నీకిష్టవైంది నువ్వే ఎత్తుకో" అంది.

సుందరమ్మ కళ్ళు తుడుచుకుని ఎత్తుకుంది. పెళ్ళికొడుకును ఊరేగించేటప్పుడు వాళ్ళ ఊళ్ళో పాడే పాటట. మొదటి చరణానికే కళింగపట్నం వాళ్ళంతా చప్పట్లు అందుకున్నారు. ఒకావిడ మా డాల్డా డబ్బా లాక్కుని దరువు మొదలుపెట్టింది. పెరట్లో అరిసెల దగ్గరున్నవాళ్ళు బెల్లం చేతులతోనే గుమ్మం దాకా వచ్చారు. అప్పలనర్సమ్మ కత్తెర ఒళ్ళో పెట్టేసుకుని ఊగుతోంది. నేను కూడా కాపలా సంగతి అలా ఉంచి చప్పట్లు కొడుతున్నాను. పెద్దమ్మ, ఎప్పుడూ అందరి గొంతులకూ పగ్గం వేసి లాగే మా పెద్దమ్మ, తల ఆడిస్తూ, కళ్ళు మూసుకుని, మొహమంతా నవ్వుతో పాడుతోంది. అప్పుడు చూశాను, ఆమె వేలు తనంతట తాను వెళ్ళి ప్లస్సు మీద పడింది. పాట మారితే స్పీడు మారాలి. ఆ గదిలో అన్నాళ్ళూ జరిగిందే అది. వేలికి పాట గుర్తుంది, జరీ గుర్తులేదు. ప్లస్సు, మళ్ళీ ప్లస్సు, డబ్బా దరువు పెరిగినకొద్దీ ఇంకో ప్లస్సు. "పెద్దమ్మా, జరీ" అని నేను అరిచాను గానీ ఆ గోలలో నా గొంతు నాకే వినపడలేదు.

టప్పున తెగింది. తెగి ఊరుకోలేదు, తెగిన కొస అడుగున బాబిన్ దారంతో చిక్కుపడి, ముద్దకట్టి, పట్టునంతా లోపలికి గుంజుకుంది. మిషను కుయ్యోమని ఆగిపోయింది. చప్పట్లు ఇంకా కాసేపు మోగి, ఒక్కొక్కటే ఆగాయి. అప్పలనర్సమ్మ కిందికి దూరి ఆ ముద్దను కోసి తీసేసరికి, పైటచెంగు మధ్యలో, నడిమి లిల్లీ ఉండాల్సిన చోట, రేగుపండంత కన్నం. అందులోంచి మిషను బల్ల కనిపిస్తోంది.

సుందరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నా నోరే ఒదినా, నా పాడు నోరే" అంది. పెద్దమ్మ కన్నంలో వేలు పెట్టి చూసింది, తర్వాత తలెత్తి అల్మరా మీది అట్టపెట్టె చూసింది. ఆ చూపు చూసి నాకు ఏడుపొచ్చింది. లిల్లీ సన్నటి గీతల డిజైను, మళ్ళీ కుట్టినా కన్నాన్ని కప్పదు. వేరే పువ్వు కావాలంటే ఆ పూటకు విశాఖపట్నం వెళ్ళి ఫ్లాపీ తేవడం జరిగే పని కాదు. "తియ్యే గుంటా, ఆ పెట్టి దించు" అంది పెద్దమ్మ నాతో, చాలా నెమ్మదిగా. నేను కుర్చీ వేసుకుని ఎక్కాను. అంతలో సగం జడకు పూలు గుచ్చుకుని, మిగతా సగం చేత్తో పట్టుకుని రూతప్ప లోపలి నుంచి వచ్చింది. అత్తగారినీ అమ్మనూ చూసింది, చీర చూసింది, కన్నం చూసింది.

"సేప ఎక్కించండి" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏ సేపే?" అంది పెద్దమ్మ.

"వాలీబాలు సేప. బొద్దుగా ఉంటాది గదేటి, కన్నం మీద పడితే ఇంక అవుపడదు."

"మందిరంలోకి సేపతోటి ఎల్తావేటే పిచ్చిమొకమా?"

"ఆయన సేపతోటే గదేటే అమ్మా మనింటికొచ్చినాడు" అని రూతప్ప సిగ్గుపడి, జడ వదిలేసి, పూలన్నీ కింద పోసుకుంది.

మొదట నవ్వింది సుందరమ్మ. గొంతు తిరిగి వచ్చేసింది, వీధి చివరిదాకా వినపడే నవ్వు. ఆపైన ఆగలేదు ఎవరూ. కన్నం కింద పట్టుముక్క వేసి ఫ్రేము బిగించాం, చేప ఫ్లాపీ పెట్టాం, సూదిలో వెండి జరీ ఎక్కించాం. అంతా సిద్ధమైంది. పెద్దమ్మ వేలు మైనస్సు మీద ఉంది, పాట మాత్రం ఎత్తుకోవడం లేదు. వియ్యపురాలి మొహం కూడా చూడకుండా తెర మీది టేపు ముక్కనే చూస్తూ కూర్చుంది. సుందరమ్మకు అర్థమైంది. కొంగు భుజాల నిండా కప్పుకుని, గొంతు సవరించుకుని, సమాధి పాట తానే అందుకుంది.

నేను జీవితంలో అలాంటి పాట మళ్ళీ వినలేదు. అరిసెల వాళ్ళూ పందిరి వాళ్ళూ చేపల వాళ్ళూ అందరం కలిసి, పెళ్ళికి ముందురోజు, పూలతో తాంబాళాలతో నిండిన ఇంట్లో, సమాధి పాట నెమ్మదిగా పాడాం. పెద్దమ్మ మైనస్సు నొక్కుతూ "ఆ, వచ్చింది" అంది. చేప తల ముందు వచ్చింది, తర్వాత కన్ను. వీధిలోంచి ఎవరో పెద్దాయన లోపలికి తొంగిచూసి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "ఎవురు పోనారమ్మా?" అన్నాడు. అప్పలనర్సమ్మ పాట ఆపకుండా ఆయన చేతిలో ఒక అరిసె పెట్టి పంపేసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు అక్కడక్కడా పగులుతోంది. చాలదన్నట్టు గూడ్సు వచ్చింది. గిన్నెలు గడగడలాడాయి, పెద్దమ్మ ఎడమచెయ్యి గోడ మీదికీ, కుడిచెయ్యి మైనస్సు మీదికీ పోయాయి. పాట ఇంకా సాగింది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి చాలడం లేదు. కళింగపట్నం ఆడవాళ్ళు కళ్ళంట నీళ్ళు కారుతుండగా, నవ్వు మింగుకుంటూ, ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని వేలాడుతున్నారు. ఎవరైనా నవ్వితే పాట తప్పుతుంది, పాట తప్పితే దారం తెగుతుందని ఆ గదిలో అప్పటికి అందరూ నమ్మేశారు, సుందరమ్మ అందరికంటే ఎక్కువగా. తోక కొసన చివరి కుట్టు పడి మిషను ఆగింది. అప్పుడు నవ్వాం. నేలమీద పడి నవ్వాం.

మర్నాడు రూతప్ప తన తల్లి మిషను కుట్టిన చీరలోనే మందిరంలోకి నడిచింది, లిల్లీల మధ్య ఒక బొద్దు వెండి చేపతో. అది కావాలని పెట్టించిందనుకుని పాస్టరు గారు వలల గురించీ చేపల గురించీ అప్పటికప్పుడు చక్కటి ప్రసంగం కూడా చేశారు. అట్టపెట్టె మూత తీయకుండానే వెనక్కి వెళ్ళింది. విందులో పెద్దమ్మ కూతురి పక్కన కూర్చుని, ఆ చెంగును తన ఒళ్ళో పరుచుకుని, భోజనం అయ్యేదాకా వదల్లేదు.

రూతప్ప కూతురు కెజియాకు ఇప్పుడు విజయనగరంలో సొంత బొటీక్ ఉంది. ఆమె మిషనుకు ఎన్నో తలలు, అన్నీ ఒకేసారి ఒకే పువ్వు కుడతాయి. తెర మీద దారం పేరు ఎంచుకుంటే చాలు, స్పీడు అదే పెట్టుకుంటుంది. జరీ కూడా ఇప్పుడు మంచి జరీ, మా సండే స్కూలు పాటంత వేగంగా పరిగెత్తినా తెగదు. పని చక్కగా ఉంటుంది, చేపను తెచ్చి కన్నం మూసుకోవాల్సిన అవసరం కెజియాకు ఎప్పుడూ రాదు. ఆ మాటకొస్తే మాకంటే బాగా బతుకుతోంది, నాకు దాంట్లో ఏ బాధా లేదు. ఒకటే అనిపించింది. పనిచేసే పిల్లలందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, ఎవరు ఏ పాట వింటున్నారో పక్కవాళ్ళకు తెలియదు. పోయిన వేసవిలో పెద్దమ్మను అక్కడికి తీసుకెళ్ళాం. అప్పటికి ఆమెకు చెవులు దాదాపు వినపడవు. మిషను బల్ల మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చుని, "ఏటి పాట పాడతన్నారే?" అంది.

"పాటేమీ లేదమ్మమ్మా, అంతా ఆటోమేటిక్కు" అని కెజియా చెవి దగ్గర అరిచింది.

"మరి దీనికెలగ తెలస్తాది?"

కెజియా తెర మీది అంకె చూపించింది. పెద్దమ్మ దాని వంక అనుమానంగా చూసి, "దానిమీద టేపంటించీ" అంది. అందరం నవ్వాం. కెజియా నిజంగానే తెల్ల టేపు ముక్క అంటించింది. మొన్న వెళ్ళినప్పుడు చూస్తే ఇంకా తీయలేదు.

ఇక సమాధుల దొడ్డిలో ఏం జరిగిందంటే. రూతప్ప ఆ రోజు తన పెళ్ళిచీరే కట్టుకుని వచ్చింది. తెల్లదే గదా, అమ్మ కుట్టిందే గదా అంది. భుజం మీదుగా తిప్పిన చెంగున వెండి చేప, కొంచెం నల్లబడింది గానీ ఒక్క పోగు కూడా లేవలేదు. పెట్టెను గోతిలోకి దించారు. సంఘం కుర్రాళ్ళు కీబోర్డు పెట్టుకుని సమాధి పాట మొదలుపెట్టారు. ఈ కాలం పిల్లలు, గిటారు కూడా తోడైంది, పాట కాస్త పరుగందుకుంది. నేను ఏడుస్తున్నాను, నిజంగానే ఏడుస్తున్నాను. కుడివైపు రూతప్ప నా మణికట్టు పట్టుకుని ఉంది. ఎడమవైపు నుంచి అప్పలనర్సమ్మ, ఇప్పుడు తల పూర్తిగా నెరిసిపోయిన అప్పలనర్సమ్మ, నా చెవిలోకి వంగి చాలా కంగారుగా అంది.

"ఓలమ్మ, కుర్రోల్లు బేగి లాగీస్తన్నారే. తెగిపోద్ది."

అందుకే మేము నవ్వింది. నవ్వుతుంటేనే తెలిసింది, రూతప్ప బొటనవేలు నా మణికట్టు ఎముక మీద నొక్కుతోంది. ఒకసారి, ఆగి మళ్ళీ ఒకసారి, పెద్దమ్మ మైనస్సు నొక్కినట్టే. అప్పలనర్సమ్మ కళ్ళు తుడుచుకుని గొంతెత్తింది, ఒక్కో మాటనూ పట్టి వెనక్కి లాగుతూ. మేమిద్దరం కలిశాం. కళింగపట్నం నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్న ముసలి సుందరమ్మ, ఆ గొంతు ఇంకా ఎక్కడ దాచుకుందో గానీ, అక్కడి నుంచే అందుకుంది. కీబోర్డు కుర్రాడు కాసేపు మాతో పెనుగులాడి, చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట తగ్గింది, ఇంకా తగ్గింది, జరీకి సరిపడే నడకకు వచ్చింది. మట్టి కూడా ఆ నడకకే పడింది. ఆఖరి మాట దాకా పాడాం. ఎక్కడా తెగలేదు.